పాట ఎవరిది? పాత హిట్ల విశేషాల్లో తప్పులు పుట్టే చోట్లు

‘లాహిరి లాహిరి లాహిరిలో’ బాణీ ఎవరిదని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు ఘంటసాల. ‘మాయాబజార్’ (1957)కు సంగీత దర్శకుడిగా చెప్పుకునేదీ ఆ పేరే. కానీ ఆ సినిమాకు మొదట కుదిరింది సాలూరి రాజేశ్వరరావు. ‘శ్రీకరులు దేవతలు’, ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’, ‘నీకోసమే నే జీవించునది’ అనే నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారు. వాటికి వాద్యాలు కూర్చి రికార్డు చేయించడం, మిగతా పాటలన్నీ స్వయంగా కట్టుకోవడం ఘంటసాల వంతయింది. జవాబు తప్పు కాదు, సగమే నిజం. పాత పాటల గురించి చలామణిలో ఉన్న విశేషాల్లో చాలావాటి పరిస్థితి ఇదే. ‘ఎవరిది’ అన్న ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు పనులు దాగి ఉంటాయి. విశేషం చెప్పేవాళ్లు ఒకదాన్ని పట్టుకుని అన్నిటికీ అదే పేరు రాసేస్తారు.

సంగీతం విషయంలో ఆ పనులు కనీసం మూడు: బాణీ కట్టడం, వాద్యాల కూర్పు, రికార్డింగ్. ఈరోజు రికార్డింగ్‌ను ఎవరూ సంగీత దర్శకుడి ఘనతగా లెక్కపెట్టరు. 1950ల్లో అది చిన్న పని కాదు. గాయకులు, వాద్యబృందం, కోరస్ అందరూ ఒకే హాల్లో ఉండి, పాట మొదలు నుంచి చివరి దాకా ఒకే ఊపున పాడి వాయించాలి. రెండో చరణంలో ఎవరి వయొలిన్ తప్పినా, ఎవరి దగ్గు పడినా మళ్లీ మొదటి నుంచే. ఒక్కొక్కరి ట్రాకు విడిగా తీసి, తప్పిన ముక్క మాత్రమే మళ్లీ పాడించుకునే వెసులుబాటు మల్టీట్రాక్ వచ్చాకే దొరికింది. మైకుకు ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలో కూడా సంగీత దర్శకుడో ఆయన సహాయకుడో చూసుకోవాల్సిందే. ఆ లెక్కన ‘మాయాబజార్’ పాటల్లో మనం వింటున్న ధ్వని ఘంటసాలదే. టైటిల్స్ అబద్ధం చెప్పలేదు, పూర్తిగా చెప్పలేదంతే. ‘మల్లీశ్వరి’ (1951)లోనూ రాజేశ్వరరావు బాణీల వెనుక వాద్యాల కూర్పులో అద్దేపల్లి రామారావు చెయ్యి ఉంది. ‘మామ’ కె.వి. మహదేవన్ పేరుతో వచ్చిన పాటల వెనుక ఆయన సహాయకుడు పుహళేంది ఉన్నట్టే.

‘మాయాబజార్’లోనే ‘వివాహ భోజనంబు’ సంగతి ఇంకా చిక్కు. తెరమీద ఎస్వీ రంగారావు, గొంతు మాధవపెద్ది సత్యం. రంగారావే పాడారని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. గొంతు అంతగా అతికింది మరి. పాటల రచయితగా పింగళి నాగేంద్రరావు పేరుంది, పాటలో ఎక్కువ భాగం ఆయనదే. అయితే మొదటి పాదాలు సురభి నాటక సమాజం వాళ్ల ‘మాయాబజార్’ నాటకంలో అప్పటికే ఉన్నాయి. ఆ నాటకం పాటకు ప్రేరణ 1940ల నాటి ‘జానకీ శపథం’ హరికథ రికార్డులు. పాడింది బి. నాగరాజకుమారి, సంగీతం గాలి పెంచల నరసింహారావు. అంటే హరికథ నుంచి రంగస్థలానికి, రంగస్థలం నుంచి వెండితెరకు నడిచి వచ్చిన పాట ఇది. తమిళంలో ఇదే ‘కల్యాణ సమయల్ సాదం’ అయి తిరుచ్చి లోకనాథన్ గొంతులో పలికింది. ఆ పాట తమిళం నుంచి మనకు వచ్చిందనుకునేవాళ్లూ లేకపోలేదు. ఆ సినిమా రెండు భాషల్లోనూ తీసినది, తమిళ సంగీతమూ ఘంటసాలదే.

‘దేవదాసు’ (1953)లో పేరు తేడా రావడానికి కారణం వేరు. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ పని ముగియకముందే 1952లో కన్నుమూశారు. మిగిలింది పూర్తి చేసింది ఆయన దగ్గర పనిచేస్తున్న విశ్వనాథన్, రామమూర్తి. ‘జగమే మాయ’ ఆ మిగిలిన భాగంలోది. సుబ్బరామన్ ప్రతిభకు ఉదాహరణగా ఆ పాటనే ఎత్తి చూపేవాళ్లను ఏమనాలో తెలియదు. ఆయన గొప్పతనం చెప్పడానికి అదే సినిమాలో ఇంకా చాలా పాటలున్నాయి.

ముద్ర చూసి కీర్తన పట్టుకోవడం

రచయితల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ‘శంకరాభరణం’ (1980)లోనే. ఆ సినిమా పాటలన్నీ కీర్తనలే అనుకునేవాళ్లు ఒకవైపు, అన్నీ వేటూరి రాశారనుకునేవాళ్లు మరోవైపు. విడదీసి చూస్తే ఇలా ఉంటుంది. ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది. ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యది. ‘పలుకే బంగారమాయెనా’, ‘ఏ తీరుగ నను దయ చూచెదవో’ భద్రాచల రామదాసువి. ‘మాణిక్యవీణాం’ కాళిదాసు పేరుతో ఉన్న శ్యామలా దండకంలోది. ‘ఓంకార నాదాను’, ‘శంకరా నాదశరీరాపరా’, ‘రాగం తానం పల్లవి’ వేటూరి సుందరరామమూర్తివి. ‘శంకరా నాదశరీరాపరా’ను కచేరీలో ప్రాచీన కృతి అని పరిచయం చేసినా నమ్మేసేలా రాశారాయన.

రెండు పాటలు మాత్రం గట్టుకు ఇటూ అటూ కాళ్లు వేసుకుని నిలబడ్డాయి. ‘సామజవరగమన’ పల్లవి త్యాగయ్య హిందోళ కృతిదే, తర్వాతి సాహిత్యం వేటూరిది. ‘దొరకునా ఇటువంటి సేవ’ అనే ఎత్తుగడతో బిలహరిలో త్యాగయ్య కృతి ఉంది. సినిమా పాట రాగమూ బిలహరే, ఎత్తుగడా అదే, మిగతా నడకంతా వేటూరిది. ఈ రెంటి విషయంలో త్యాగరాజు అన్నా, వేటూరి అన్నా సగం మార్కులే.

కీర్తనో కాదో తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. వాగ్గేయకారులు చివరి చరణంలో తమ ముద్ర, అంటే సంతకంలాంటి ఒక పేరు, వేస్తారు. ‘మానస సంచరరే’ చివర ‘పరమహంస’ అని వస్తుంది. అది సదాశివ బ్రహ్మేంద్రుల ముద్ర. ‘బ్రోచేవారెవరురా’ చరణంలో ‘వాసుదేవుడే’ అన్న మాట కరిరాజును బ్రోచిన దేవుడి పేరూ అవుతుంది, రాసినాయన సంతకమూ అవుతుంది. ముద్ర లేదంటే సినిమా కవి రాశాడేమోనని అనుమానించవచ్చు. కానీ అక్కడితో తేల్చెయ్యకూడదు. సినిమాకు కీర్తన వాడినప్పుడు నిడివి కోసం ముందు కోత పడేది చివరి చరణాలకే, ముద్ర ఉండేదీ అక్కడే. కాబట్టి పూర్తి కృతి పాఠం చూశాకే మాట్లాడాలి.

రచయిత పేరులో రెండో రకం తప్పు ‘అంతా ఒకరే’ అనుకోవడం. ‘మూగ మనసులు’ (1964) అంటే ఆత్రేయ. ‘పాడుతా తీయగా చల్లగా’, ‘ముద్దబంతి పూవులో’, ‘ఈనాటి ఈ బంధమేనాటిదో’ అన్నీ ఆయనవే. అందుకని ‘గోదారి గట్టుంది’ కూడా ఆయన ఖాతాలో పడిపోతుంది. అది దాశరథిది. ‘గౌరమ్మా నీ మొగుడెవరమ్మా’ కొసరాజుది. ‘ముత్యాల ముగ్గు’ (1975)లో ‘ముత్యమంత పసుపు’ ఆరుద్ర రాస్తే, ‘నిదురించే తోటలోకి’ గుంటూరు శేషేంద్ర శర్మ రాశారు. ఆయన సినిమా పాట అదొక్కటే. పాటలు వినిపించే యాప్‌లలో ఈ తప్పు యంత్రంలా పెరుగుతుంది. ఆల్బమ్‌కు ఒక రచయిత పేరు ఎక్కించి అన్ని పాటలకూ అదే అంటించేస్తారు. అక్కడి నుంచి వికీలకు, క్విజ్ పుస్తకాలకు, వాట్సాప్‌కు పాకుతుంది. నాలుగు చోట్ల ఒకే పేరు కనబడిందంటే నాలుగు సాక్ష్యాలు దొరికాయని కాదు, ఒకే తప్పు నాలుగు మెట్లు దిగి ఉండవచ్చు.

దీనికి విరుగుడు ఆనాటి పాటల పుస్తకం. సినిమా హాలు దగ్గర అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో కథ సగం చెప్పి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఆపేసేవారు. కింద పాటలు, చాలావాటిలో పాట పాటకూ రచయిత, గాయకుల పేర్లు. దాని లోపం దానికుంది. విడుదలకు ముందే అచ్చయ్యేది గనుక ఎడిటింగ్‌లో ఎగిరిపోయిన పాట అందులో ఉండవచ్చు, చివర్లో మారిన చరణం పాత రూపంలోనే మిగిలిపోవచ్చు. అందుకే పుస్తకం, రికార్డు లేబులు, తెరమీది పేర్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు కలిసి మూడోది తేడాగా ఉంటే ఆ తేడాకు కారణం వెతకాలి.

లేబులు కూడా నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గది కాదు. నేపథ్యగానం తొలి రోజుల్లో గాయని పేరు బదులు పాత్ర పేరు వేసే అలవాటుండేది. హిందీ ‘మహల్’ (1949)లో ‘ఆయేగా ఆనేవాలా’ రికార్డు మీద గాయనిగా కామిని అని ఉంటుంది. అది మధుబాల పాత్ర పేరు, పాడింది లతా మంగేష్కర్. పాత లేబుల్ మీద ఎవరో తెలియని పేరు కనబడితే, కొత్త గాయని దొరికిందని సంబరపడే ముందు సినిమాలో పాత్రల పేర్లు ఒకసారి చూసుకోవడం మేలు.

గొంతుల విషయంలో మనవాళ్లు పడే బోల్తా మరొకటి: హీరోను చూసి గాయకుణ్ణి ఊహించడం. ‘మిస్సమ్మ’ (1955)లో ఎన్టీఆర్‌కు పాడింది ఘంటసాల కాదు, ఏ.ఎం. రాజా. ‘సింహాసనం’ (1986)లో కృష్ణకు పాడింది బాలు కాదు, రాజ్ సీతారామ్. ‘ఆకాశంలో ఒక తార’ ఆయన గొంతే. 1980ల క్యాసెట్ల కాలం దీన్ని ఇంకా చెడగొట్టింది. పాత హిట్లను వేరే గాయకులతో మళ్లీ పాడించి ‘వెర్షన్ రికార్డింగ్’ పేరుతో చవగ్గా అమ్మిన క్యాసెట్లు ఇళ్లలో ఉండిపోయాయి. ఇప్పుడు అవే ‘ఒరిజినల్’ అన్న పేరుతో అప్‌లోడ్ అవుతున్నాయి. పట్టుకోవడానికి గొంతు కన్నా మధ్యలో వచ్చే వాద్యాలు మంచి గుర్తు. గొంతును అనుకరించగలరు గానీ, ముప్పైమంది వయొలిన్ బృందం వాయించిన ముక్కను ఒక్క కీబోర్డు మీద వాయిస్తే ఇట్టే తెలిసిపోతుంది.

బాణీ ఎటు నుంచి ఎటు?

తెలుగు పాటకు హిందీ పోలిక కనబడితే మనవాళ్లే కాపీ కొట్టారని తేల్చేసే తొందర ఎక్కువ. విడుదల సంవత్సరాలు చూస్తే చాలాసార్లు కథ అటు తిరుగుతుంది. ‘రోజులు మారాయి’ (1955)లో మాస్టర్ వేణు సంగీతం, కొసరాజు సాహిత్యం, జిక్కి గొంతు, వహీదా రెహమాన్ నాట్యం కలిసిన ‘ఏరువాకా సాగారో’ పాట ఎస్.డి. బర్మన్ చేతిలో ‘బొంబాయి కా బాబూ’ (1960)లో ‘దేఖ్‌నే మే భోలా హై’ అయింది. ‘మిస్సమ్మ’లో ‘బృందావనమది అందరిది’ హిందీ ‘మిస్ మేరీ’ (1957)లో హేమంత్ కుమార్ సంగీతంలో అదే బాణీతో వినిపిస్తుంది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990)లో ఇళయరాజా ‘అబ్బనీ తీయని దెబ్బ’ రెండేళ్లకు ‘బేటా’లో ‘ధక్ ధక్ కర్‌నే లగా’గా దేశమంతా మోగింది.

సంవత్సరం ఒక్కటీ చూస్తే చాలదు. ‘సువర్ణసుందరి’లో ఘంటసాల, జిక్కి పాడిన ‘హాయి హాయిగా ఆమని సాగె’కు హిందీలో రఫీ, లత పాడిన ‘కుహూ కుహూ బోలే కోయలియా’ జంట. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాల మాలిక. రెంటికీ సంగీతం పి. ఆదినారాయణరావుదే కాబట్టి ఇక్కడ కాపీ అన్న ప్రశ్నే లేదు. డబ్బింగ్ పాటలది ఇంకో దారి. ఎస్. జానకి పేరు నిలబెట్టిన ‘నీ లీల పాడెద దేవా’ను చాలామంది తెలుగులోనే పుట్టిన పాటనుకుంటారు. అది తమిళ ‘కొంజుం సలంగై’ (1962)లోని ‘సింగారవేలనే దేవా’, ‘మురిపించే మువ్వలు’తో మనకు వచ్చింది. ఆ గొంతుతో పోటీపడే నాదస్వరం కారుకురిచ్చి అరుణాచలానిది.

మొదటిది, చివరిది

‘మొదటి పాట’ అన్న విశేషంలో ముందు అడగాల్సింది: రికార్డయిన తేదీ ప్రకారమా, విడుదల తేదీ ప్రకారమా? ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తొలి పాట ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం ఎస్.పి. కోదండపాణి రికార్డు చేసింది 1966 డిసెంబరు 15న. సినిమా వచ్చింది 1967లో. రెండు సంవత్సరాలూ పత్రికల్లో కనబడతాయి, రెండూ తప్పు కాదు. ఘంటసాల విషయంలో తిరగేసి చూడాలి. ఆయన పోయింది 1974 ఫిబ్రవరి 11న. ‘తెలుగు వీర లేవరా’ ఉన్న ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది మే 1న. విడుదల తేదీల వరస పట్టుకుని ‘చివరి పాట’ తేల్చేవాళ్లకు ఇలాంటి సినిమాలు ఉచ్చులు.

అచ్చులో పడ్డ తేదీ ఎంతకాలం రాజ్యమేలుతుందో చూడాలంటే ‘భక్త ప్రహ్లాద’ కన్నా మంచి ఉదాహరణ లేదు. తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాసుకున్నాం. సెన్సార్ సర్టిఫికెట్ తేదీ 1932 జనవరి 22 అని, విడుదల ఫిబ్రవరి 6న బొంబాయిలో అని పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారాలతో చూపించారు. దానితో ఆ సినిమాకు పాటలు రాసి తొలి తెలుగు సినీకవి అయిన చందాల కేశవదాసు ‘పరితాప భారంబు’ వయసు కూడా నాలుగైదు నెలలు తగ్గింది.

సినిమా పాట కాకుండా పోయి హిట్టయినవీ ఉన్నాయి. ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ను శంకరంబాడి సుందరాచారి రాసింది ‘దీనబంధు’ (1942) సినిమా కోసం. అందులో వాడలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో ప్రైవేటు రికార్డుగా ఇల్లిల్లూ తిరిగి, 1975లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమయింది.

మూడు నిమిషాల ఇరవై సెకన్లు, ఇంకా ఓ మూడోవంతు కట్టై

పాత పాటలు మూడు, మూడున్నర నిమిషాలకు మించకపోవడానికి కారణం శ్రోతల ఓపిక కాదు, పది అంగుళాల లక్క రికార్డు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెం 3 నిమిషాల 20 సెకన్లలో 260 చుట్లు తిరుగుతుంది. అంగుళానికి సూది నడిచే గాళ్లు సుమారు వంద పడతాయనుకుంటే అంచు నుంచి లోపలికి 2.6 అంగుళాలు. మధ్య లేబులు, అంచు పోగా మిగిలే జాగా దాదాపు అంతే. అంతకన్నా ఎక్కువ ఇరికించాలంటే గాళ్లు దగ్గరకు రావాలి, శబ్దం తగ్గించాలి. లేదా పాటను రెండు ముక్కలు చేసి ముందు ఒకటి, వెనుక ఒకటి పెట్టాలి. ఘంటసాల ‘పుష్పవిలాపం’ అలా రెండు వైపులా పరుచుకుంది. సినిమాలో నాలుగున్నర నిమిషాలున్న పాట రికార్డులో ఒక చరణం పోగొట్టుకునేది ఈ జాగా కోసమే. కాబట్టి ‘ఈ పాటకు రెండే చరణాలు’ అని చెప్పే ముందు సినిమా రూపం వినాలి. సినిమాలో కత్తిరించి రికార్డులో ఉంచిన సందర్భాలూ ఉంటాయి.

శ్రుతి విషయంలో జరిగే పొరపాటు దీనికన్నా సూక్ష్మం. సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మన టీవీ ప్రసారం, చాలా వీసీడీలు, డీవీడీలు 25 ఫ్రేముల పద్ధతివి. సులువు కోసం సినిమాను అదే వేగంతో పరిగెత్తిస్తే పాట 4 శాతం పైచిలుకు వేగం పుంజుకుంటుంది. 200 సెకన్ల పాట 192 సెకన్లకు దిగుతుంది. శ్రుతి అర్ధ స్వరంలో 0.7 వంతు పైకి జరుగుతుంది. అంటే రెండు కట్టై (హార్మోనియం మెట్లతో శ్రుతిని చెప్పే లెక్క; అర కట్టై అంటే ఇక్కడ అర్ధ స్వరం) శ్రుతిలో పాడిన పాట రెండుకూ రెండున్నరకూ మధ్య, రెండున్నర వైపు మొగ్గి వినిపిస్తుంది. ‘ఘంటసాల ఈ పాట రెండున్నరలో పాడారు’ అన్న తీర్పుల్లో కొన్ని ఇలా పుట్టినవే. గొంతు కూడా కాస్త పల్చబడినట్టు ఉంటుంది.

గుర్తు పట్టే తీరు ఇది. పాట ఆధార షడ్జాన్ని (‘స’ స్వరాన్ని) హార్మోనియం మీదో ట్యూనర్ యాప్‌తోనో పట్టి చూడాలి. ఏ మెట్టుకూ కుదరక మధ్యలో వేలాడుతుంటే వేగాన్ని అనుమానించాలి. ఆ ఫైలు వీడియో నుంచి తీసినదైతే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 0.96కి తగ్గించాలి. ఇక్కడ వాడాల్సింది స్పీడ్ మార్చే మీట. టెంపో మార్చే మీట వాడితే నిడివి మారుతుంది గానీ శ్రుతి అక్కడే ఉండిపోతుంది. తగ్గించాక షడ్జం ఒక మెట్టు మీద కుదురుకుని, నిడివి రికార్డు నిడివికి దగ్గరపడితే అనుమానం నిజమే. గ్రామఫోన్ నుంచి ఎక్కించిన ఫైలైతే ఈ సూత్రం పనికిరాదు. అక్కడ తేడా మోటారు వేగంలో ఉంటుంది, అది ఎంతన్నది ముందే చెప్పలేం. వేగం మారినంత మాత్రాన రాగం మారదు. స్వరాలన్నీ ఒకే నిష్పత్తిలో జరుగుతాయి. రాగం పేరు తప్పు చెప్పడానికి ఈ సాకు చెల్లదు.

అవార్డుల లెక్కలో గొడవంతా సంవత్సరాలది. జాతీయ అవార్డు ఏ ఏడాది చిత్రాలకో ఒక సంవత్సరం, ప్రదానం జరిగింది తర్వాతి సంవత్సరం. ఉత్తమ గీత రచయిత అవార్డు తెలుగు పాటకు మొదట తెచ్చింది ‘తెలుగు వీర లేవరా’తో శ్రీశ్రీ, 1974 చిత్రాలకు. తర్వాత ‘మాతృదేవోభవ’ (1993)లో ‘రాలిపోయే పువ్వా’తో వేటూరి. మూడోది ‘ఠాగూర్’ (2003)లో ‘నేను సైతం’తో సుద్దాల అశోక్‌తేజ. ఈ మూడో పాటకు రచయిత ఎవరని అడిగితే, ముందు ఏ పాదం గురించి అడుగుతున్నారో తేల్చుకోవాలి. అవార్డు సుద్దాలది. ‘నేను సైతం ప్రపంచాగ్నికి’ అన్న ఎత్తుగడ ‘మహాప్రస్థానం’లోని ‘జయభేరి’ది, అంటే మళ్లీ శ్రీశ్రీదే.